చప్పగా ఉన్న గిన్నెలో ఆరు గ్రాముల ఉప్పు

గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, ఆ తరువాత పెద్దాసుపత్రిలోనూ ముప్పైమూడు సంవత్సరాలు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేశాను. ఆ కాలంలో అన్నిటికంటె ఎక్కువసార్లు విన్న మాట ఏదని ఎవరైనా అడిగితే, "కారం పూర్తిగా మానేశానండి డాక్టరుగారూ, అయినా బీపీ దిగడం లేదు" అన్న మాటే చెబుతాను. పత్తి రైతు చెప్పాడు, బడిపంతులు చెప్పాడు, మిరప యార్డులో బస్తాలు మోసే హమాలీ చెప్పాడు. పదవీ విరమణ చేసి పదిహేను సంవత్సరాలు దాటినా పెళ్లిళ్లలో, రైలు ప్రయాణాల్లో ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

మన ప్రాంతంలో ఈ నమ్మకం ఎందుకు బలపడిందో ఊహించడం కష్టం కాదు. దేశంలోనే పెద్ద మిరప మార్కెట్టు మన గుంటూరులో ఉంది. వేసవిలో కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటుకు బస్సులో కూర్చున్నవాడు కూడా తుమ్ముతాడు. అంత ఘాటైన వస్తువు ఒంట్లోకి పోయి ఊరుకుంటుందా అన్న అనుమానం సహజం. మిరపలో ఉండే కాప్సైసిన్ అనే పదార్థం వేడిని గుర్తించే నాడీతంతుల కొసలను రేపుతుంది. అందువల్ల నోరు మండుతుంది, చెమట పడుతుంది, ముక్కు కారుతుంది. కడుపులో పుండు ఉన్నవారూ, మొలలతో బాధపడేవారూ కారం తగ్గించుకోవలసిందే. అయితే సంవత్సరాల తరబడి నిలిచి ఉండే రక్తపోటుకు ముద్దాయి మిరపకాయ కాదు, దాని వెంట వచ్చే ఉప్పు. మన ఇళ్లలో కారం దంపించేటప్పుడే నిలవకోసం ఉప్పు కలుపుతారు. ఆవకాయలో కారమూ ఆవపిండీ ఎంత పడతాయో ఉప్పూ ఇంచుమించు అంతే పడుతుంది. మజ్జిగ మిరపకాయ ఉప్పులో ఊరనిదే ఎండకు ఎక్కదు. కారం మానినవాడికి ఆమేరకు ఉప్పు తగ్గి రక్తపోటు కొద్దిగా దిగితే ఆ పుణ్యం మిరపకాయ ఖాతాలో పడుతుంది. కారం మానేసి, దానికి బదులు దండిగా ఉప్పు వేసిన మజ్జిగ పూటకు రెండు గ్లాసులు తాగేవాడికి ఏమీ తగ్గదు. అతడే మన దగ్గరకు వచ్చి పై మాట అంటాడు.

ఇదే మాటను కిందటి సంవత్సరం టోక్యో నగరంలో, మా అబ్బాయి నోటినుంచి విన్నాను. అతడితోపాటు ఒక రామెన్ దుకాణానికి వెళ్లి కూర్చున్న తరువాత నాకు కలిగిన ఆలోచనలను పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మా అబ్బాయికి నలభయ్యారేళ్లు. కంప్యూటరు ఉద్యోగం. టోక్యోలో ఎదొగావా వార్డులోని నిషికసాయ్ అనే పేటలో కాపురం. 2000 సంవత్సరం ముందువెనుకల కంప్యూటరు పనులకోసం జపానుకు వచ్చిన భారతీయులు మెట్రోరైలు సౌకర్యం చూసుకుని ఆ పేటలో స్థిరపడడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి సీసా అన్నీ దొరుకుతాయి. రైలు స్టేషను మెట్ల మీద తెలుగు వినిపిస్తుంది. మార్చి నుంచి మే నెల దాకా నేనూ మా ఆవిడా అక్కడ ఉన్నాము.

నేను ఎక్కడికి వెళ్లినా రక్తపోటు యంత్రం సంచిలో ఉంటుంది. చేరిన మూడోనాడు ఉదయం అబ్బాయి చేతికి చుట్టి చూస్తే 156/98. నిద్ర చాలలేదన్నాడు. వరుసగా నాలుగు ఉదయాలు, అయిదు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. ఒక్కరోజు కూడా 150కి దిగలేదు. జపానులో ఉద్యోగులకు ఏటా ఆరోగ్య పరీక్ష చేయించడం యజమానికి చట్టరీత్యా విధి. రెండు సంవత్సరాలుగా ఆ కాగితంలో రక్తపోటు దగ్గర గుర్తు పెట్టి, మళ్లీ వైద్యుడిని కలవమని రాసి ఉంది. కాగితం సొరుగులో ఉంది.

"నాన్నా, నేను ఆరేళ్లుగా ఆవకాయ ముట్టలేదు. కారం అసలు లేదు. ఇక్కడి తిండంతా చప్పనే. ఇంకేం మానమంటారు?" అన్నాడు.

మానమనే ముందు ఏమి తింటున్నాడో చూడాలి కదా. ఆఫీసు నుంచి ఆలస్యమైన రోజుల్లో, అంటే వారానికి మూడు నాలుగు రాత్రులు, దారిలో ఒక దుకాణంలో రామెన్ తిని వస్తానన్నాడు. "ఈసారి నన్నూ తీసుకెళ్లు" అన్నాను. "మీరు తినలేరేమో మామయ్యగారూ, పంది ఎముకల రసం" అని కోడలు హెచ్చరించింది. ఎముకలతో పరిచయం నాకు గుంటూరు వైద్య కళాశాల మొదటి సంవత్సరం నుంచీ ఉందని చెప్పి బయలుదేరాను. తినడానికి ఎవరి అభ్యంతరాలు వారివి. నాకు లేవు.

దుకాణం పట్టుమని పన్నెండు అడుగుల వెడల్పు లేదు. బల్లలు లేవు. వంటగది చుట్టూ అరుగులాంటి పొడవాటి చెక్క, దాని ముందు పది ఎత్తు పీటలు, అంతే. బయట ఆరేడుగురు వరుసలో నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. తలుపు పక్కన నిలువెత్తు యంత్రం ఒకటి ఉంది. దాని నిండా బొత్తాలు, ఒక్కొక్క బొత్తాం మీద వంటకం పేరు, ధర. ముందు నోటు లోపలికి పెట్టాలి, తరువాత బొత్తాం నొక్కాలి. మన సినిమా టికెట్టంత కాగితం ముక్కా, చిల్లరా కింద పడతాయి. గిన్నె వెయ్యి యెన్ల లోపు. జపాను లిపి రానివాడు ఏం చెయ్యాలని అడిగితే, ఎడమవైపు పైవరుసలో మొదటి బొత్తాం సాధారణంగా ఆ దుకాణం అసలు సరుకు అయి ఉంటుందని, అది నొక్కితే పెద్దగా మోసపోరని మా అబ్బాయి చెప్పాడు. తరువాత వెళ్లిన చోట్ల ఈ సూత్రం నాకు బాగానే పనిచేసింది.

లోపల అడుగు పెట్టగానే వంటవాళ్లందరూ ఒక్కసారిగా "ఇరస్షైమసె" అని కేక వేస్తారు. దయచేయండి అని అర్థం. దానికి బదులు చెప్పనక్కరలేదు. సంచి పెట్టుకోవడానికి పీట కింద బుట్ట ఉంటుంది. మంచినీళ్లు మనమే వంచుకోవాలి. అక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకోకూడదు. తినగానే లేచి, గిన్నెను ఎదుటి గట్టు మీద పెట్టి, "గొచిసోసమ" అని ఒక మాట అని బయటికి నడవాలి. ఈనాం ఇస్తే పుచ్చుకోరు. నూడుల్సును చప్పుడు చేస్తూ జుర్రుకోవడం అమర్యాద కాదు. మన ఊళ్లో చారన్నం జుర్రుకున్నందుకు పిల్లలను గదమాయించే తల్లులు అక్కడికి వెళితే మనసు మార్చుకుంటారు.

టికెట్టు ముక్క చేతికి ఇచ్చినప్పుడు వంటవాడు మా అబ్బాయిని మూడు ప్రశ్నలు అడిగాడు. నూడుల్సు గట్టిగా ఉండాలా మెత్తగా ఉండాలా? రుచి చిక్కగా ఉండాలా పలచగా ఉండాలా? కొవ్వు ఎక్కువా తక్కువా? 1974లో యొకొహామాలో పుట్టిన ఒక శాఖ రామెన్‌లో ఈ మూడు ప్రశ్నలు ఆచారం. పంది ఎముకలను గంటల తరబడి మరిగించిన రసంలో సోయా చట్నీ కలిపి, పైన కోడి కొవ్వు తేలుస్తారు. మా అబ్బాయి ఆలోచించకుండా సమాధానం చెప్పాడు. రోజూ చెప్పే సమాధానమని వినగానే తెలిసింది: గట్టిగా, చిక్కగా, ఎక్కువగా.

ఇక్కడ కాస్త ఆగి ఆ రెండో ప్రశ్న గురించి చెప్పాలి. రామెన్ గిన్నె అడుగున ముందుగా ఒక గరిటెడు చిక్కటి ద్రవం పోస్తారు. దానిని 'తారె' అంటారు. ఉప్పు దాదాపు అంతా దానిలోనే ఉంటుంది. సోయాతో చేస్తే షోయు రామెన్, ఉత్త ఉప్పుతో చేస్తే షియో రామెన్, పులియబెట్టిన సోయా ముద్దతో చేస్తే మిసో రామెన్. దాని మీద ఎముకల రసం పోసి, ఉడికిన నూడుల్సు జార్చి, మాంసం ముక్కలు, గుడ్డు, సముద్రపు నాచు, ఉల్లికాడలు పేరుస్తారు. "రుచి చిక్కగా" అంటే ఆ అడుగు గరిటె పెద్దదవుతుంది. అక్కడివారు దానిని రుచి అంటారు, నేను మిల్లీగ్రాములు అంటాను. "అజి ఉసుమె" అంటే రుచి పలచగా అని అర్థం. ఆ మాట అన్న మనిషికి వంటవాడు ఎదురుచెప్పడు, మొహం చిట్లించడు, గరిటె తగ్గిస్తాడు. అడిగే అవకాశం వంటవాడే నోటితో ఇస్తున్నాడు. ఇంతటి సదుపాయం మన గుంటూరు భోజన హోటళ్లలో నేను చూడలేదు. అక్కడ ఆకు వేయగానే ముందు మూల ఉప్పూ పచ్చడీ పడతాయి, తరువాతే మనం.

గిన్నె వచ్చింది. పొగలు కక్కుతున్న ఆ రసం ఒక చెంచా నోట్లో పోసుకున్నాను. మాంసపు తియ్యదనం, కొవ్వు నునుపు, వెనుక నుంచి ఏదో పేరు పెట్టలేని కమ్మదనం. ఆ కమ్మదనానికి జపాను వారు పేరు పెట్టారు. 1908లో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి గ్లుటామేట్‌ను వేరుచేసి ఆ రుచిని ఉమామి అన్నాడు. కాని నా గుంటూరు నాలుకకు తోచిన మొదటి మాట ఇది కాదు. "చప్పగా ఉందిరా" అన్నాను. "చెప్పాను కదా నాన్నా" అన్నాడు మా అబ్బాయి గెలిచినవాడిలా.

ఆ మాట అన్న తరువాత నాకే సందేహం కలిగింది. చప్పన అంటే ఏమిటి? తెలుగులో చప్పిడి కూడు అంటే ఉప్పు లేని పత్యపు తిండి. కాని మన జిల్లాల్లో కారం లేని దానినీ, పులుపు లేని దానినీ కూడా చప్పగా ఉందనే అంటాము. ఒకే మాటలో మూడు లోపాలు కలిసిపోయాయి. ఆ గిన్నెలో కారం లేదు, పులుపు లేదు. ఉప్పు మాత్రం ఉన్నది, మామూలుగా లేదు. సూపుతో సహా తింటే ఒక గిన్నె రామెన్‌లో అయిదు నుంచి ఏడు గ్రాముల వరకు ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపు ఉండాలంటుంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అయిదు గ్రాములే. అంటే ఒక చిన్న చెంచాడు. పొగలు కక్కే వేడి, కొవ్వు, ఉమామి ఈ మూడూ కలిసి ఉప్పదనాన్ని కప్పేస్తాయి. అదే ఉప్పును చల్లటి నీళ్లలో కలిపి ఇస్తే మా అబ్బాయి ఉమ్మేస్తాడు.

నేను నూడుల్సు, గుడ్డు, సగం మాంసం తిని చెంచా పక్కన పెట్టాను. మా అబ్బాయి రెండు చేతులతో గిన్నె ఎత్తి, తల వెనక్కి వంచి, చివరి చుక్కదాకా తాగి దించాడు. ఉప్పులో సగం పైగా ఉండేది ఆ సూపులోనే. పక్కన కూర్చున్న తండ్రి వైద్యుడైతే ఆ కొన్ని క్షణాలు ఎలా గడుస్తాయో పాఠకులు ఊహించగలరు.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది మా అన్నయ్య. పర్చూరు పక్కన మా పల్లెలో పత్తి, మిరప సాగుచేసేవాడు. నాకంటె ఎనిమిదేళ్లు పెద్ద. యాభై రెండో ఏట, పత్తి తీతల రోజుల్లో, తెల్లవారుజామున మంచం దిగబోయి కూలిపోయాడు. కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. తరువాత తొమ్మిదేళ్లు బతికాడు. ఆ తొమ్మిదేళ్లూ ఎడమచేత్తో సైగలు చేస్తూ, మనం అర్థం చేసుకోలేకపోతే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు. పెదనాన్న చేత అక్షరాలు దిద్దించాలని పలక పట్టుకుని కూర్చునేవాడు. ఇప్పుడు వాడికి నలభయ్యారు. లెక్క నేను వేసుకున్నాను, వాడికి చెప్పలేదు. భయపెట్టి మందు మింగించవచ్చునేమో గాని, భయం నెల తిరిగేసరికి అరిగిపోతుందని ముప్పైమూడేళ్ల ఆసుపత్రి నేర్పింది.

భయపెట్టకుండా ఒక దేశం ఎలా మారిందో చెప్పడానికి మాత్రం జపాను కంటె మంచి చోటు లేదు. ఇప్పుడు దీర్ఘాయువుకు పేరుపడిన ఈ దేశంలో 1951 నుంచి 1980 వరకు మరణ కారణాల్లో మొదటి స్థానం పక్షవాతానిది. ఉత్తరాన అకితా, ఆవొమొరి ప్రాంతాలు మరీ ఘోరం. నెలల తరబడి మంచు. కూరగాయలన్నీ ఉప్పులో ఊరవేసి నిలవ చేసుకోవాలి. పూటపూటా మిసో రసం, దానితో అన్నం. 1950లలో అకితా రైతు రోజుకు తినే ఉప్పు ఇరవయ్యారు, ఇరవయ్యేడు గ్రాముల దాకా ఉండేదని లెక్కలు కట్టారు. 1960లో లూయిస్ డాల్ అనే అమెరికా వైద్యుడు వేర్వేరు ప్రజలు తినే ఉప్పునూ వారి రక్తపోటునూ పక్కపక్కన పెట్టి చూపినప్పుడు అందరికంటె పైన ఉన్నది ఉత్తర జపానే. గమనించండి, ఆ రైతుల తిండిలో మన కారం లేదు.

కొండల నడుమ ఉన్న నగానో రాష్ట్రం కథ నాకు ఇంకా దగ్గరది. అక్కడ సాకు అనే పట్టణంలోని ఆసుపత్రికి 1945లో తొషికాజు వకత్సుకి అనే యువ వైద్యుడు వచ్చాడు. రోగులు ముదిరిన తరువాతగాని ఆసుపత్రి గడప తొక్కడం లేదని చూసి, తానే పల్లెలకు బయలుదేరాడు. ఉపన్యాసం చెబితే రైతులు కునుకుతున్నారు. అందుకని ఆసుపత్రి సిబ్బందితో నాటకాలు వేయించాడు. పగలు పరీక్షలు, రాత్రి నాటకం. 1959 నుంచి యచిహో అనే గ్రామంలో ఊరందరికీ ఏటా ఆరోగ్య పరీక్ష మొదలైంది. 1976లో ఆయనకు మెగసెసే పురస్కారం లభించింది. వీధి భాగవతం ఆడిన నేలమీద పుట్టిన నాకు, రోగనివారణకు నాటకాన్ని వాడుకున్న ఈ వైద్యుడి సంగతి చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. తరువాతి దశాబ్దాల్లో నగానో గృహిణులే కార్యకర్తలై ఇంటింటికీ వెళ్లి, పొయ్యి మీది మిసో రసంలో ఉప్పు ఎంత ఉందో కొలిచి చెప్పేవారు. మానమని కాదు, పలచన చేయమని. 2010 లెక్కల్లో పురుషుల ఆయుర్దాయంలోనూ స్త్రీల ఆయుర్దాయంలోనూ జపాను మొత్తం మీద నగానోదే మొదటి స్థానం. ఇది ఉప్పు ఒక్కదాని వల్లనే జరిగిందని నేను అనను. అక్కడివారు కూరగాయలు ఎక్కువ తింటారు, ముసలితనంలోనూ పొలం పని చేస్తారు, 1961 నుంచి దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఉంది, రక్తపోటు మాత్రలు పల్లెలకు చేరాయి. అయినా ఇళ్లలో ఉప్పు కొలవడం దగ్గర మొదలైన పని అది.

ఆ జపానులోనే ఈ రామెన్ గిన్నె ఉండడం వింతే. చైనా నుంచి వచ్చిన ఈ వంటకాన్ని 1910లో టోక్యోలోని అసకుసాలో ఒక దుకాణం జనంలోకి తెచ్చింది. 1958లో మొమొఫుకు ఆందో దానిని నూనెలో వేయించి పొట్లంలో పెట్టాడు. ఆ పొట్లానికి దూరపు చుట్టమే ఈనాడు చిలకలూరిపేటలోనూ ఒంగోలులోనూ పిల్లలు బడి నుంచి రాగానే అడిగే నూడుల్సు. దాని ఉప్పులో పెద్ద భాగం మసాలా పొట్లంలో ఉంటుంది. సగం పొట్లం చాలు, మిగతా సగం చెత్తబుట్టకు.

జపాను వారి ఇప్పటి తిండిలోనూ ఉప్పు రోజుకు పది గ్రాముల దగ్గరే ఉంది. మనదీ సిఫారసుకు బాగా పైనే. కనుక వారు గెలిచారనీ మనం ఓడామనీ చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒక తేడా మాత్రం చెబుతాను. అక్కడ పొట్లాల మీద ఉప్పు ఎంత ఉందో గ్రాముల్లో ముద్రిస్తారు. కప్పులో అమ్మే నూడుల్సు మీద నూడుల్సులో ఇంత, సూపులో ఇంత అని విడివిడిగా కూడా ఉంటుంది. సూపు పారబోస్తే ఎంత తప్పుతుందో చదవగానే తెలుస్తుంది. మన పొట్లాల మీద సోడియం అని మిల్లీగ్రాముల్లో వేస్తారు. దానిని ఉప్పులోకి మార్చాలంటే రెండున్నరతో హెచ్చవేయాలి. 1000 మిల్లీగ్రాముల సోడియం అంటే సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు. పాఠకులు ఇంట్లో ఉన్న అప్పడాల పొట్లం, కారప్పూస పొట్లం, పచ్చడి సీసా తీసి ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. ఒక చెంచాడు ఆవకాయలో సుమారు ఒకటిన్నర గ్రాములకు తగ్గకుండా ఉంటుంది.

మన తెలుగువాళ్లు జపానుకు ఉద్యోగాలకూ చదువులకూ వెళుతున్నారు, వెనుక తల్లిదండ్రులు చూడడానికి వెళుతున్నారు. వారికోసం నాలుగు మాటలు. పంది మాంసం తిననివారు తొన్కొత్సు అన్న పేరు కనబడితే తప్పుకోవాలి. అది పంది ఎముకల రసం. 'తొరి పైతాన్' అంటే తెల్లటి కోడి రసం. కాని దాని మీద కూడా పంది మాంసం ముక్క పెట్టే దుకాణాలు ఉన్నాయి కనుక ముందే అడగాలి. కూరగాయల రామెన్ అని బొమ్మ ఉన్నంత మాత్రాన రసం శాకాహారం కాదు, అడుగున చేపో ఎముకో ఉంటుంది. మా ఆవిడ శనివారం మాంసం ముట్టదు. ఒక శనివారం ఆమెను టోక్యో స్టేషను లోపల ఉన్న టీస్ తాన్‌తాన్ అనే శాకాహార రామెన్ దుకాణానికి తీసుకువెళ్లాము. నువ్వులతో చేసిన చిక్కటి రసం, పైన కొంచెం కారం. మూడు నెలల్లో ఆమె పూర్తిగా మెచ్చుకున్న తిండి అదొక్కటే. శాకాహారమే కదా అని సూపంతా తాగబోయింది. శాకాహారం అన్నమాట మాంసానికి సంబంధించినది, ఉప్పుకు కాదు. రసం కింద మిగల్చమన్నాను. "ఇంత డబ్బు పోసి కొన్నది పారేస్తారా?" అని అడిగింది. ఆమెకు బీపీ లేదు. ఆ వాదన నేను గెలవలేదు.

మా అబ్బాయి విషయానికి వస్తే, రామెన్ మానమని నేను అనలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి బయటపడిన మనిషికి, పరాయి దేశంలో, పదిమంది పక్కన కూర్చుని వేడివేడిగా తినే ఆ పది నిమిషాలు ఎంత ఊరటో కళ్లారా చూశాను. మూడు పనులు చెప్పాను. వారానికి ఒకసారే వెళ్లాలి. వంటవాడు అడిగినప్పుడు "అజి ఉసుమె, అబురా సుకునమె" అనాలి, అంటే రుచి పలచన, కొవ్వు తక్కువ. సూపు గిన్నెలో వదిలెయ్యాలి. "సూపు వదిలేస్తే వంటవాడికి చిన్నబుచ్చినట్టు కాదా నాన్నా?" అని అడిగాడు. మరునాడు వాడితో వెళ్లి దుకాణంలో తిన్నంతసేపూ చూశాను. గట్టు మీద పెట్టిన గిన్నెల్లో మూడింట ఒకటి సూపుతోనే ఉంది. వంటవాడు వాటిని వంచి పారబోసి కడుగుతున్నాడు, ముఖం మీద ఏ భావమూ లేదు.

అయితే ఇది ఒక్కటే చాలదని కూడా చెప్పాను. నాలుగు ఉదయాలు వరుసగా 150 పైన ఉన్న మనిషికి, అందునా పెదనాన్నకు పక్షవాతం వచ్చిన ఇంట్లో పుట్టినవాడికి, ఉప్పు తగ్గించి నెలల తరబడి ఎదురుచూద్దామనడం వైద్యం కాదు. సొరుగులోని కాగితం తీసుకుని అక్కడి వైద్యుడిని కలవమన్నాను. తండ్రి కొడుకుకు మందు రాయడం నాకు ఇష్టం లేదు, ఆ దేశంలో రాయడానికి హక్కూ లేదు. కోడలు సెలవు పెట్టి వెంట వెళ్లింది. మూత్రపిండాలు, రక్తంలో చక్కెర, గుండె పరీక్ష చేసి ఒక మాత్ర మొదలుపెట్టారు. ఇంట్లో రోజూ ఉదయం చూసి రాసి తెమ్మన్నారు. ఇంట్లో చూసే రక్తపోటుకు అక్కడ 135/85 హద్దు. ఆ హద్దుకు ఆధారాల్లో ఒకటి ఇవాతె రాష్ట్రంలోని ఒహసామా అనే చిన్న ఊరు. 1980ల చివర్లో అక్కడి ఇళ్లకు యంత్రాలు ఇచ్చి, ఎవరి రక్తపోటు వారే చూసి రాసేట్లు చేసి, ఏళ్ల తరబడి ఆ ఊరిని పరిశీలించారు. వైద్యుడి గదిలో బెదురుతో పెరిగే అంకెకంటె, ఇంట్లో ప్రశాంతంగా చూసిన అంకె నమ్మదగినదని మనకు అలాంటి ఊళ్లే నేర్పాయి. మాత్ర మొదలుపెట్టినవారు అంకె బాగుందని తమంతట తాము మానకూడదు. మాత్ర వేసుకుంటున్నందువల్లనే అంకె బాగుంది. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు వాడదలచినవారు, ముఖ్యంగా మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతున్నవారూ, ముందు తమ వైద్యుడిని అడగాలి.

ఇక మిరపకాయ. గుంటూరు తిరిగి వచ్చాక వంటింట్లో ఒక మార్పు చేయించాను. కొత్త కారం ఉప్పు లేకుండా పట్టించాము. నిలవకు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతున్నాము. వేపుడులో కారం మునుపటికంటె ఒక పిసరు ఎక్కువే పడుతోంది, నిమ్మరసం పిండుతున్నాము, ఉప్పు మూడో వంతు తగ్గింది. మొదటి రెండు వారాలు మా ఆవిడ చప్పగా ఉందన్నది. మూడో వారం నుంచి అనడం లేదు. నాలుక తక్కువ ఉప్పుకు అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుందని పుస్తకాల్లో చదివినదే, మా వంటింట్లో కూడా నిజమైంది. మిరపకు ఈ విధంగా ఉప్పును పక్కకు నెట్టే గుణం ఉన్నదని మన రైతు సోదరులు గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా అబ్బాయి ఫోనులో కనబడి వారం అంకెలు చదువుతాడు. కిందటి వారం సగటు 132/84. రామెన్ ఎన్నిసార్లు అని అడిగాను. ఒక్కసారే అన్నాడు. సూపు? "సగం వదిలేస్తున్నాను నాన్నా." సగం అన్నది మా ఆసుపత్రికి వచ్చే రోగులకు చాలా ఇష్టమైన కొలత. ఈసారి వెళ్లినప్పుడు గిన్నె ఫొటో తీసి పంపమన్నాను. బుధవారం రాత్రి పంపాడు. గిన్నె లోపలి అంచు చుట్టూ ఎర్రటి మెలికల గీత ఒకటి ఉంటుంది. సూపు ఆ గీతకు రెండు వేళ్ల కిందనే నిలిచి ఉంది, అందులో ఒక ఉల్లికాడ ముక్క తేలుతోంది.